రూపనగుడి కంబాలు ఎవరు పడేసినట్టు?

లైన్ల మీద పనిచేసిన వాళ్లకు ఒక జబ్బు అంటుకుంటుంది. బస్సులో పోతున్నా, పెళ్లికి పోతున్నా కళ్లు కరెంటు స్తంభాలనే వెతుకుతాయి. ఏది ఒరిగింది, దేని స్టే వైరు, అంటే ఒరగకుండా పట్టి ఉంచే తీగ, వదులైంది, ఏ పింగాణీ చిప్ప పగిలింది అని చూసుకుంటూ పోతాం. పక్కన కూర్చున్న ఇంటావిడ ఏదో చెబుతుంటే "ఊఁ" అంటాం గానీ ఒక్క ముక్క చెవికెక్కదు. ఇప్పుడు ఈ శాఖలోకి వస్తున్న పిల్లలకు కూడా ఇది తప్పదు. ముందే చెబుతున్నాను.

నా ఉద్యోగంలో ఎన్నో స్తంభాలు పడ్డాయి, ఎన్నో లేపాం. గాలికి పడినవి, లారీ గుద్దితే పడినవి, చెదలు తిని పడినవి. ఎందుకు పడ్డాయో ఇప్పటికీ తెలియనివి మాత్రం రూపనగుడి లైనులోవే. ఆ సంగతి తేల్చుకుందామని కనపడిన వాళ్లనల్లా అడిగాను. అడిగేకొద్దీ తికమక పెరిగింది. మీరైనా చదివి తేల్చగలరేమో చూడండి.

అరవైల మాట. బళ్లారి జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వచ్చి కొన్నేళ్లయింది. మా ఆఫీసులో పాత ఫైళ్లు ఇంగ్లీషులో, కొత్త ఉత్తర్వులు కన్నడంలో, కోపతాపాలు తెలుగులో నడుస్తుండేవి. నేను కప్పగల్లు వాణ్ని కాబట్టి మూడూ తంటాలు పడి నెట్టుకొచ్చేవాణ్ని. కొత్తగా సూపర్‌వైజరునయ్యాను. మా సబ్ డివిజన్ ఇంజనీరు మైసూరు వైపు నుంచి వచ్చినాయన. మంచివాడు. ఏ పనికైనా ముందు భయపడి, తర్వాత దాన్ని చేసేవాడు. లైన్ మేస్త్రీ బళ్లారి కౌల్ బజారు సాయిబు. ఆయన భయపడడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పట్లో పల్లెలకు వేసిన లైన్లన్నీ కర్ర స్తంభాలే. మా వైపు స్తంభాన్ని కంబం అంటారు. మాది నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వాన పడగానే ఉబ్బి మెత్తగా జారిపోతుంది. మృగశిర కార్తె గాలులు మొదలైతే రూపనగుడి లైనులో ఏదో ఒక చోట కంబాలు పడేవి. మేస్త్రీ తన మనుషులతో పోయి లేపేవాడు. మళ్లీ ఏడు మళ్లీ పడేవి. ఇది ఒక పండగలాగా సాగుతుండేది.

ఆ ఏడు ప్రభుత్వం ఒక మంచి పని తలపెట్టింది. గాలికీ వరదకూ పడిపోయిన చోట పాత కర్రలనే మళ్లీ పాతుకుంటూ పోకుండా, ఇనుప స్తంభాలు వేసి, కింద కాంక్రీటు పోసి లైన్లను గట్టి చేయడానికి విడిగా డబ్బు ఇస్తామన్నది. మా డివిజన్ వాటా ఒక్క లైనుకే సరిపోతుంది. అడిగేవి రెండున్నాయి. ఒకటి మా రూపనగుడి లైను. రెండోది సండూరు కొండల్లో బండ్రికి పోయే లైను. అవి ఇనుప రాయి కొండలు, పిడుగులు ఎక్కువ. రాజధాని నుంచి ఒక ఆఫీసరు వచ్చి రెండింటినీ కళ్లారా చూసి ఏదో ఒకటి తేలుస్తారని చెప్పారు. ప్రకృతి వల్ల దెబ్బతిన్న లైనుకే డబ్బు అన్నది షరతు.

ఈ డబ్బు మాకు ఎంత అవసరమో చెప్పాలంటే క్యాంపులోని ఒక దంపతుల గురించి చెప్పాలి.

కాలువ పనులు మొదలైన దగ్గర్నుంచి కోస్తా జిల్లాల రైతులు మా వైపు వచ్చి భూములు కొని గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల ఊళ్లను క్యాంపులంటారు. రూపనగుడికి కొంచెం ఇవతల అలాంటి చిన్న క్యాంపు ఒకటుండేది. అక్కడ మెరక పొలాలకు బావుల మీద కరెంటు మోటార్లే దిక్కు. ఆ దంపతుల పొలంలోంచే మా లైను పోతుంది. అంతకుముందు ఏడు గాలివానకు కంబం ఒరిగి తీగ తడిమడిలో పడింది. అరక కట్టిన ఎద్దు దాన్ని తొక్కి అక్కడికక్కడే చచ్చిపోయింది. ఎద్దును లాగబోయిన ఆ ఇంటాయన ఎగిరి గట్టు మీద పడ్డాడు. బతికాడు గానీ కుడిచెయ్యి ముడుచుకుపోయింది. ఆ తర్వాత ఆయన మాట్లాడడం తగ్గించేశాడు. లైను కింద నడవడు. తన పొలంలోకే చుట్టు తిరిగి వచ్చేవాడు. గట్టు మీద కూర్చుని పొద్దస్తమానం కంబాల వంకే చూస్తుండేవాడు. సేద్యమంతా ఆవిడే చేసేది. నాకంటే కొంచెం పెద్దది. నేను అక్కా అనేవాణ్ని, ఆవిడ తమ్ముడూ అనేది. ఆ పక్క డ్యూటీకి పోయినప్పుడల్లా మజ్జిగ ఇచ్చి, "ఈసారి గాలి రాకముందే ఏదో ఒకటి చెయ్యండి తమ్ముడూ" అని ఒకటే మాట చెప్పి పంపేది.

ఆ ఏడు మృగశిరలో గాలివాన పెద్దగా కొట్టింది. రూపనగుడి లైనులో వరసగా కంబాలు పడ్డాయి. అదృష్టం కొద్దీ ఈసారి ఎవరికీ ఏమీ కాలేదు. నారుమళ్లకు నీళ్లు లేక రైతులు ఆఫీసు ముందర కూర్చున్నారు. మేస్త్రీ బురదలో మోకాలి లోతున దిగి, ఎడ్లబండ్ల మీద కంబాలు తెప్పించి, పడినవన్నీ లేపి, తీగలు లాగి కరెంటు ఇచ్చాడు. అంత వేగంగా ఆ పని అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. మోటార్లు తిరిగినప్పుడు క్యాంపులో ఆడవాళ్లు మేస్త్రీకి బొట్టు పెట్టబోతే ఆయన నవ్వుతూ వెనక్కి తగ్గి, "అమ్మా, నాకొద్దు, కంబానికి పెట్టండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడొచ్చింది కబురు. ఆఫీసరు ముందు రూపనగుడికి వస్తాడు, ఆ తర్వాత బండ్రికి పోతాడు.

మా ఇంజనీరు నన్నూ మేస్త్రీనీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"అయ్యో దేవరే! అన్నీ నిలబెట్టేసినారా?" అన్నాడు. ఆయన తెలుగు కన్నడం కలిసిపోయి ఉండేది.

"అన్నీ సార్. కరెంటు కూడా వచ్చేసింది," అన్నాడు మేస్త్రీ గర్వంగా.

"మరి ఆయన వచ్చి ఏన్ నోడ్తారు? ఏం చూస్తారు? అన్నీ చక్కగా నిలబడి ఉంటే గాలి వల్ల దెబ్బ తిన్నది అని ఎట్ల హేళోదు, ఎట్ల చెప్పేది?"

మేస్త్రీ నా వంక చూశాడు. "క్యా సార్ ఇది? నిలబెట్టింది తప్పా? లేపకపోతే లేపలేదని మెమో ఇస్తారు. లేపితే ఎందుకు లేపినావు అంటాండారు."

ఇంజనీరు తల పట్టుకున్నాడు. ఆయనను అనడానికి కూడా ఏమీ లేదు. వానలో ఫోటో తీయించే తీరిక ఎవరికీ లేకపోయింది. మా దగ్గర కెమెరా కూడా లేదనుకోండి.

ఆఫీసరు వచ్చే ముందురోజు సాయంత్రం వెలుగుండగానే మేం ముగ్గురం జీపులో రూపనగుడి పోయాం. ఆయన ఏమేం అడగవచ్చో రైతులకు చెప్పి ఉంచుదామని పోయాం. క్యాంపు దగ్గర లైను పక్కనే నిలబడి మాట్లాడాం. రూపనగుడి పెద్దరైతు వచ్చాడు. తరాలుగా అక్కడి వాళ్లు, భూములున్నాయి, కొత్తగా ఒక బస్సు కూడా తిప్పుతున్నాడు. క్యాంపు నుంచి ఆ అక్క వచ్చింది, ఇంకా నలుగురైదుగురు వచ్చారు. ఇంటాయన మామూలుగా గట్టు మీదే ఉన్నాడు.

ఇంజనీరు సంగతంతా చెప్పాడు. పెద్దరైతు విని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"దీనికి ఇంత యోచన ఎందుకప్పా? కంబాలు పడింది నిజమే కదా. అందురూ చూసినాం కదా. మళ్ల పండబెడితే సరి. నాలుగు కంబాలు పండబెట్టేది ఎంతసేపు? మోకు కట్టి లాగితే అయిపాయ. ఆయప్ప చూసి పోతాడు, మీరు మళ్ల లేపుకుంటారు."

నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆలోచిస్తే అందులో తప్పేమిటో వెంటనే తోచలేదు. పడింది నిజం. డబ్బు కావలసింది నిజం. చూపించేది మాత్రం అబద్ధం. లేదా, పోయిన వారం నిజాన్ని ఈ వారం చూపించడం. ఏది అనుకోవాలో తెలియక ఇంజనీరు మొహం చూశాను. ఆయన తన బూట్లకు అంటిన బురద చూసుకుంటున్నాడు.

అక్క ముందుకొచ్చింది. "ఏంటండీ మీరనేది? ఆ తీగలు మళ్లీ నా మడిలో పడేస్తారా? నారు పోసుంది. అదీగాక ఆయన అక్కడ కూర్చునుంటే ఆయన కళ్ల ముందే పడేస్తారా? గుండె ఆగిపోదూ మనిషికి?"

"కరెంటు తీసేసే పండబెడతారులే తల్లీ. నీకు ఇనుప కంబాలు కావల్లనా, వద్దా?" అన్నాడు పెద్దరైతు.

"కావాలి. కానీ ఇలాగొద్దు," అంది ఆవిడ. నా వంక తిరిగి, "తమ్ముడూ, నువ్వు చెప్పు" అంది.

నేను ఇంజనీరు వంక చూశాను. ఆయన "నానేనూ హేళల్లప్పా. నేనేమీ చెప్పను. చేయమనీ చెప్పను, వద్దనీ చెప్పను" అని జీపెక్కేశాడు. నేను ఆవిడతో, "అట్లాంటిదేమీ జరగదక్కా" అన్నాను. మేస్త్రీ బీడీ వెలిగించి, "నేను లేపేవాణ్ని, పడేసేవాణ్ని కాదు" అన్నాడు. అందరం ఎవరి దారిన వాళ్లం పోయాం.

మర్నాడు పొద్దున బళ్లారిలో గాలి లేచింది. ఇది నాకు బాగా గుర్తు. ఆఫీసు ఎదురుగా టీ అంగడి పైన రేకు ఒకటి లేచి టపటపా కొట్టుకుంటుంటే అంగడాయన బండరాయి పెట్టడానికి పైకెక్కాడు. కోట గుట్ట వైపంతా దుమ్ము. నేను టీ తాగుతుండగానే సబ్‌స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. రూపనగుడి లైను ట్రిప్పయింది. అంటే తీగ ఎక్కడో నేలకో, చెట్టుకో తగిలి సబ్‌స్టేషన్లో స్విచ్ తనంతట తానే పడిపోయిందన్న మాట. మా వాళ్లు ఎవరైనా పనికి దిగాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి కరెంటు ఆపించాలి. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటాం. ఆ పొద్దున ఎవరూ లైన్ క్లియర్ తీసుకోలేదు. నేను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

ఆఫీసరు జీపు, మా జీపు ఒకదాని వెనుక ఒకటి రూపనగుడి చేరేసరికి క్యాంపు ముందర వరసగా కంబాలు పడి ఉన్నాయి. సరిగ్గా నిన్న మేం నిలబడి మాట్లాడిన చోట. తీగలు అక్క నారుమడిలో ఉన్నాయి. మడి సగం తొక్కిడి పడినట్టు నలిగిపోయింది. ముందు రోజు సాయంత్రం నిలబడి ఉన్నవి ఇప్పుడు నేల మీద ఉన్నాయి. ఇంజనీరు వంక చూశాను. ఆయన నా వంకే చూస్తున్నాడు. మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. పెద్దరైతు మాత్రం ముసిముసిగా నవ్వుతూ నమస్కారాలు పెడుతున్నాడు.

అక్క గట్టు మీద నిలబడి ఉంది. నేను దగ్గరికి పోతే, "సూపర్‌వైజర్ గారూ, మీ పని బాగా అయిందా?" అంది. ఆ 'గారూ' నా మొహాన కొట్టినట్టయింది.

"అక్కా, మేం ఏమీ..."

"నాకేం చెప్పొద్దు. నా నారు చూడండి ముందు."

ఇంటాయన దుప్పటి కప్పుకుని ఆఫీసరు జీపు పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనను ఎవరూ పలకరించలేదు.

ఆఫీసరు నెమ్మదైన మనిషి. పంట్లాము మడిచి బురదలోకి దిగి ప్రతి కంబం మొదలూ చూశాడు. ఆయనకు తెలుగు రాదు. నేను మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు వేస్తున్నాను.

"ఇవి దేనివల్ల పడ్డాయి? గాలికా, నీళ్లకా?" అని కన్నడంలో అడిగాడు.

పెద్దరైతు నా తర్జుమా కోసం ఆగలేదు. "గాలి సార్, గాలి! ఏం గాలి అంటారు, బస్సు నడిపేకి కాలేదు!"

ఆఫీసరు తలాడించి, కంబం గుంత దగ్గర మట్టి చేత్తో తీసి నలిపి చూశాడు. "ఈ మట్టి పట్టు లేక పడి ఉండొచ్చు గదా?" అన్నాడు.

మా ఇంజనీరు ఆశగా, "అవును సార్, ఈ రేగడి ప్రతి ఏడూ ఇంతే" అన్నాడు.

"అలాగైతే కష్టం," అన్నాడు ఆఫీసరు మట్టి దులుపుకుంటూ. "ప్రతి ఏడూ ఉండే నేలను వైపరీత్యం అనలేం. నేల వల్ల పడితే అది మామూలు మరమ్మతు కిందికి వస్తుంది. ఈ డబ్బు ఇవ్వడానికి కుదరదు. గాలి వల్ల అయితే ఇవ్వవచ్చు."

దాన్ని కూడా నేను అందరికీ వినపడేలా తెలుగులో చెప్పాను. చెప్పమన్నాడు మరి.

ఇంజనీరు నోరు మూసుకున్నాడు. ఆఫీసరు అక్కను చూపించి, పొలం ఆవిడదే కదా, ఆవిడను అడగమన్నాడు. నేను అడిగాను, "అక్కా, ఈ కంబాలు ఎట్ల పడినాయని అడుగుతాండారు."

ఆవిడ నా కళ్లలోకి చూసింది. గట్టు మీద గాలి లేదు ఆ క్షణాన. ఇంజనీరు చేతిలో టోపీ నలిగిపోతున్నది.

"పడ్డాయండి," అంది. "నేను ఇంట్లో ఉండగా చప్పుడైంది. వచ్చి చూస్తే పడున్నాయి. అంతకుమించి నాకు తెలీదు. కానీ పోయినేడు కూడా పడ్డాయి. మా ఎద్దు పోయింది, మా ఆయన చెయ్యి పోయింది. అది మాత్రం గట్టిగా తెలుసు. ఆయనకు చెప్పండి."

చెప్పాను. ఆఫీసరు ఇంటాయన దగ్గరికి పోయి ముడుచుకున్న చెయ్యి చూశాడు. ఏదో అడగబోయి, భాష రాదని గుర్తొచ్చి కాబోలు, భుజం తట్టి వచ్చేశాడు. రూపనగుడి లైనుకే డబ్బు అని జీపెక్కే ముందే చెప్పాడు. తీగలు పొలంలో పడి మనుషులకు ప్రమాదమవుతున్నప్పుడు ఇంకా బండ్రి చూడాల్సిన పని లేదన్నాడు. బండ్రి దాకా వెళ్లనే లేదు.

నేను సంతోషించానా? సంతోషించే ఉంటాను. కానీ తిరిగి వస్తుంటే జీపులో నా మనసంతా ఆ కంబాల మీదే ఉంది. పెద్దరైతు మనుషులు మోకు వేసి లాగారని నాకు అనుమానం. కరెంటు ఉండగా లాగడానికి ఎవరికి గుండె ధైర్యం? బయల్దేరే ముందు స్టే వైరు తెగిన చోటు చూశాను. తుప్పు పట్టి ఉంది. తుప్పు వల్ల తెగిందో, తుప్పు పట్టినదాన్ని చూసి ఎవరైనా కోశారో చెప్పలేకపోయాను. మోకు ఒరుసుకున్న గుర్తులున్నాయేమోనని కంబాలు చూశాను. ఉన్నాయి. కానీ వారం ముందు మేస్త్రీ వాటిని మోకులతోనే గదా లేపింది!

డబ్బు వచ్చింది. ఆ చలికాలమంతా పని. మార్చి దాటితే మిగిలిన డబ్బు వెనక్కి పోతుందని ఇంజనీరుకు కంటి మీద కునుకు లేదు. ఇనుప స్తంభాలు రైల్లో వచ్చాయి. గుంతలు లోతుగా తవ్వి, గట్టినేల తగిలేదాకా పోయి, కాంక్రీటు పోశాం. మేస్త్రీ ఒక్కో కంబాన్నీ ఒరిగిందేమోనని చుట్టూ తిరిగి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ తర్వాత మృగశిరలో గాలి కొట్టింది. అంతకుముందు కంటే గట్టిగా కొట్టింది. రూపనగుడి లైనులో ఒక్క కంబం కూడా కదల్లేదు. ఆ ఏడు మేస్త్రీకి చేతినిండా పని లేక, "ఏంది సార్, పండగ లేకుండా పోయింది" అన్నాడు.

అక్క మాత్రం నాతో మాట్లాడలేదు. కాంక్రీటు పనికి పొలంలో దారి ఇచ్చింది, నీళ్లు తోడుకోనిచ్చింది, నా వంక చూసేది కాదు.

ఇంజనీరు బదిలీ మీద పోయే రోజు స్టేషన్‌కు పోయాను. రైలు కదలబోతుంటే ఆయన కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి, "ఆవత్తు, ఆ రోజు, నువ్వు చేసింది నేను ఎవరికీ హేళిల్ల. చెప్పలేదు. నీ ధైర్యం దొడ్డది" అన్నాడు.

"నేనేం చేసినాను సార్?" అన్నాను.

ఆయన నవ్వాడు. కన్ను గీటినట్టు కూడా అనిపించింది. రైలు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి నాకు నేనే ఒకసారి అడిగి చూసుకున్నాను, నిజంగా నేను చేయలేదు గదా అని. మనం చేయని పనికి ఎవరైనా అంత నమ్మకంగా మెచ్చుకుంటే ఒక్క క్షణం అలాగే అవుతుంది.

వెంటనే మేస్త్రీని పట్టుకుని, కంబాలు పడేసింది నేను కాదన్నాను. ఆయన నా మాటకు విరగబడి నవ్వాడు. "మీరు కాదా? అయితే ఇంజనీరు సాహెబే చేయించినాడు. నాకు చెప్పకుండా వేరే మనుషులతో చేయించినాడు. నాకు ఆ రోజే తెలుసు. ఆయన మొహం చూడలేదా మీరు?"

ఆ తర్వాత రూపనగుడిలో పెద్దరైతు కనపడితే ఆయననూ అడిగేశాను. ఆయనకు కోపం వచ్చింది. "నేనా? నాకేం పనప్పా! నోటితో అంటే అన్నాను. చేసింది ఆ క్యాంపోళ్లే. ఆయమ్మ పైకి వద్దు వద్దు అనె, లోపల మనుషుల్ని పెట్టె. ఇనుప కంబాలు వేసింది యాడ? ఆయమ్మ పొలం దగ్గరే కదా!"

ఇక నేను అడగడం మానేశాను.

కొన్నాళ్లకు నన్ను బండ్రి వైపు వేశారు. మొదటి వానాకాలంలోనే పిడుగు పడి లైను తెగింది. కొండ మీద కర్ర కంబాలు కాలిపోయాయి. వాన వెలిసేదాకా పైకెక్కడం కుదరలేదు. ఊరు చాలా రోజులు చీకట్లో ఉంది. ఆసుపత్రి డాక్టరు లాంతరు పెట్టుకుని కాన్పు చేశాడు. బిడ్డ బతికింది, తల్లి చావుదప్పి బయటపడింది. ఆ ఊరి బడి పంతులు ఒకరోజు నన్ను అడిగాడు, "మా లైను గట్టి చేసేకి డబ్బులొచ్చినాయంట కదా సార్, ఏమాయ?" అని.

"రూపనగుడికి పోయినాయి," అన్నాను.

"యాకే? అక్కడికే ఎందుకు?"

"అక్కడ కంబాలు పడినాయి."

"ఇక్కడ పడల్యా?"

పడ్డాయి. ఆఫీసరు వచ్చిన రోజు మాత్రం పడలేదు. రూపనగుడి పొలాల్లో మనుషులు నిశ్చింతగా తిరుగుతున్నారన్నదీ నిజమే, ఈ తల్లి చీకట్లో ప్రాణం మీదికి తెచ్చుకున్నదీ నిజమే. రెండూ ఒకే డబ్బుకు రెండు వైపులు. ఏ వైపు నిలబడి చూసినా రెండో వైపు మనసును పీకుతుండేది. ఇప్పుడైతే విడివిడిగా నిధులు వస్తున్నాయి, మీకు ఆ బాధ కొంత తక్కువ. పూర్తిగా లేకపోదు లెండి.

ఆ దశాబ్దం చివర్లో మళ్లీ బళ్లారి వచ్చాను. ఒక రోజు పనిమీద రూపనగుడి పోయి, బస్సుకు వ్యవధి ఉంటే క్యాంపు దాకా నడిచాను. గుడిసెలు పోయి పెంకుటిళ్లు వచ్చాయి. అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది. చేతులు దులుపుకుని, "లోపలికి రండి, ఎండగా ఉంది" అంది.

ఇంటాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, మనిషి తేరుకున్నాడు. ఎడమ చేత్తోనే అన్నీ చేసుకుంటున్నాడట, లైను కింద కూడా నడుస్తున్నాడట. కాఫీ ఇచ్చాక ధైర్యం చేసి అన్నాను.

"అక్కా, ఆ రోజు కంబాలు మేం పడేయలేదు. నేనూ కాదు, మా ఇంజనీరూ కాదు. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "మరి రూపనగుడి వాళ్లా?"

"వాళ్లు మీరు చేశారంటున్నారు."

"మేమా! నా నారు మీద నేనే పడేసుకుంటానా?" అని ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడు మంచం మీంచి ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ పడెయ్యలేదు," అన్నాడు.

ఇద్దరం ఆయన వైపు తిరిగాం.

"నేను గట్టు మీదే ఉన్నాను గదా. మనిషన్నవాడు లేడక్కడ. గాలి కూడా లేదు, ఆకు కదల్లేదు. మొదటి కంబం అలా మెల్లగా, నీరసమొచ్చిన మనిషి కూర్చున్నట్టు ఒరిగింది. దాని తీగ లాగితే రెండోది, రెండో దాన్ని పట్టుకుని మూడోది. నేల వదిలేసిందండీ, అంతే."

నేను మంచం వైపు జరిగాను. "మరి ఆ రోజే చెప్పలేదేం?"

"ఆఫీసరు అన్నాడుగా, నేల వల్ల పడితే డబ్బు రాదని. మీరే గదా తెలుగులో చెప్పారు. జీపు పక్కనే కూర్చుని విన్నాను." ఆయన ఎడమ చేత్తో గ్లాసు కింద పెట్టాడు. "అయినా నన్ను ఎవరడిగారు?"

నాకు అప్పటికి ఒక పెద్ద బరువు దిగినట్టయింది. ఇన్నేళ్లు ఇంతమంది ఒకరినొకరు అనుమానించుకున్నాం. చూసిన మనిషి ఇక్కడే ఉన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక అక్క వైపు చూశాను.

ఆవిడ మొగుడి వంకే చూస్తోంది, కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"ఏం చూశారండీ మీరు?" అంది. "ఆ పొద్దున మీకు ఒళ్లు కాలిపోయే జ్వరం. చప్పుడయ్యేసరికి మీరు మంచం మీదున్నారు. నేనే గదా దుప్పటి కప్పి, ఆఫీసరు వస్తున్నాడంటే లేపి తీసుకొచ్చింది!"

"జ్వరం అంతకుముందు రోజు."

"ముందు రోజు మీరు గట్టు మీదున్నారు. వీళ్లంతా వచ్చి మాట్లాడింది ముందు రోజే. అడగండి ఈయన్ని!"

"గట్టు మీద ఉన్నది రెండు రోజులూనే."

"కలగని ఉంటారు. జ్వరంలో ఏవేవో అన్నారు, ఎద్దు అన్నారు, కంబం అన్నారు..."

"కలకీ నిజానికీ తేడా తెలీదనుకున్నావా నాకు?"

బయట బస్సు హారన్ వినిపించింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. వాళ్లిద్దరూ నన్ను మరిచిపోయి, ఆ పొద్దున దుప్పటి ఎక్కడుంది, ఇంట్లోనా గట్టు మీదా అని వాదించుకుంటున్నారు. పోయొస్తానని చెప్పి బస్సు వైపు పరిగెత్తాను.